అమ్మ చేతి కట్టు: ఆండీస్ పొడుగు తలల వెనక అసలు సంగతి

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం దక్షిణాన, ఆండీస్ పర్వతాల్లో కొల్కా అనే నది ఉంది. కొండల్ని లోతుగా కోసుకుంటూ పారే నది. రెండు గట్ల మీదా మెట్లు మెట్లుగా చెక్కిన పొలాలు, వాటి పైన మంచు కప్పుకున్న అగ్నిపర్వతాలు. 1586లో ఆ ప్రాంతానికి అధికారిగా ఉన్న హువాన్ దె ఉల్యోవా మొగొల్యోన్ అనే స్పెయిన్ దేశస్థుడు, తమ రాజు పంపిన ప్రశ్నల పట్టికకి జవాబులు రాస్తూ అక్కడి జనం తలల గురించి ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఆ లోయలో కొల్యాగ్వాలు, కబానాలు అని రెండు జాతులవాళ్ళు ఉండేవారు. కొల్యాగ్వాలు పుట్టిన బిడ్డల తలలకి గట్టిగా కట్టు కట్టి అవి సన్నగా, పొడుగ్గా పైకి లేచేలా చేసేవారు. కబానాలూ కట్టు కట్టేవారు గానీ, వాళ్ళ పిల్లల తలలు వెడల్పుగా, చదునుగా వచ్చేవి. మనిషి నోరు విప్పకముందే, తల చూసి ఎటువైపువాడో చెప్పేయవచ్చు.

ఎందుకలా చేస్తారన్నది కూడా ఆయన రాశాడు. కొల్యాగ్వాలు తమ పూర్వీకులు కొల్యాగ్వాటా అనే అగ్నిపర్వతంలోంచి బయటికొచ్చారని నమ్మేవారు. ఆ కొండ గుర్తుగానే తలని కొండలా పొడుగు చేసేవారు. దానిమీద అంచు లేని ఎత్తైన ఉన్ని టోపీ పెట్టుకునేవారు. కబానాలు తాము హువాల్కా హువాల్కా అనే మంచుకొండ బిడ్డలమని చెప్పుకునేవారు. ఆ కొండ మీద కరిగిన మంచునీళ్ళే వాళ్ళ పొలాలకి పారేవి. 6,000 మీటర్లకి పైబడిన ఆ కొండ వెడల్పాటి ఆకారాన్ని, కబానాల వెడల్పాటి తలలని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు తర్వాతి కాలంలో చాలామందే ఉన్నారు. ఒక జాతి మాట ఐమారా, ఇంకో జాతి మాట కెచువా. పక్కపక్క ఊళ్ళు, ఒకే నది, కానీ భాష వేరు, కొండ వేరు, తల వేరు.

ఇప్పుడు ఎవరైనా 'పొడుగు పుర్రెలు' అని యూట్యూబ్‌లో వెతికితే ఈ కొండలూ కనపడవు, ఈ జాతుల పేర్లూ వినపడవు. గ్రహాంతరవాసులు, అంతరించిపోయిన వేరే మానవజాతి, ప్రభుత్వాలు దాచిపెట్టిన రహస్యం, ఇవే కనపడతాయి. ఆ వీడియోల్లో అన్నిటికన్నా బాధ కలిగించేది ఒకటుంది. ఆ తలలు తయారు చేసిన మనుషులు వాటిలో ఎక్కడా ఉండరు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి రోజూ కట్టు విప్పి, చూసుకుని, మళ్ళీ కట్టిన చేతులు ఉండవు. ఈ విషయం మొత్తానికి కీలకం ఆ చేతులే.

ముందు పసిబిడ్డ తల సంగతి చూద్దాం. పెద్దవాళ్ళ పుర్రెలాగా అది గట్టి చిప్ప కాదు. విడివిడి ఎముక పలకలు, వాటి మధ్య మెత్తటి అతుకులు. నడినెత్తిన ఎముక లేని చోటునే మనం మాడు అంటాం. పాలు తాగేటప్పుడు అది కొట్టుకుంటూ ఉండటం ప్రతి తల్లీ చూసి ఉంటుంది. ఈ ఏర్పాటు వల్లే కాన్పు సమయంలో తల కాస్త నొక్కుకుని బయటికి రాగలుగుతుంది. దానికంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. పుట్టేనాటికి తల చుట్టుకొలత 35 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 46 దాకా వస్తుంది. లోపల మెదడు అంత వేగంగా పెరుగుతుంటే, పై పలకలు దానికి చోటిస్తూ దూరం జరుగుతుంటాయి. మాడు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళలోపు మూసుకుపోతుంది. అతుకులు పూర్తిగా కలిసిపోవడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

తల ఆకారం మార్చడం అంటే పుర్రెని నొక్కి వంచడం అనుకుంటారు చాలామంది. అలా కాదు. తల ఎలాగూ పెరుగుతుంది. ఆ పెరుగుదలని కొన్ని వైపుల అడ్డుకుంటే మిగిలిన వైపులకి మళ్ళుతుంది. పాదుకి పందిరి ఎటు వేస్తే అటు పాకినట్టే. నుదుటి మీద, పెడతల మీద ఒత్తిడి ఉంటే తల పక్కలకి వెడల్పవుతుంది. చుట్టూ పట్టీ బిగిస్తే పైకీ వెనక్కీ పొడుగవుతుంది. లోపల మెదడు పట్టే చోటు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఇలాంటి పుర్రెల్ని కొలిచి చూసిన పరిశోధకులు చెప్పే మాట ఇదే: ఆకారం మారుతుంది, పరిమాణం చెప్పుకోదగ్గంతగా మారదు.

ఈ ఊహ మన ఇళ్ళకి అంత దూరమేమీ కాదు. కాళ్ళు చాపుకుని, వాటిమీద బిడ్డని పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా నూనె పట్టించి లాల పోసే అమ్మమ్మలు తల గుండ్రంగా రావాలని అరచేత్తో మెల్లగా అదుముతారు. ముక్కు తీరుగా రావాలని వేళ్ళతో సవరిస్తారు. పెడతల చదును కాకుండా ఆవాల దిండు పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. పసితనంలో తల మెత్తన, అప్పుడు ఎలా దిద్దితే అలా నిలుస్తుంది అన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే. అంతమాత్రాన రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు. మన దగ్గర అది స్నానం జరిగే కాసేపు నడిచే ముచ్చట. ఆండీస్‌లో అది రాత్రీ పగలూ నెలలూ సంవత్సరాలూ సాగిన పని, మనిషి పోయాక కూడా ఎముకలో మిగిలిపోయే పని.

పద్ధతులు ఊరికొక రకంగా ఉండేవి గానీ, పరిశోధకులు వాటిని స్థూలంగా రెండు కుటుంబాలుగా చూస్తారు. ఒకటి పలకల పద్ధతి: నుదుటి మీదొకటి, వెనకొకటి చెక్కపలకలో గట్టి మెత్తలో పెట్టి కట్టడం, లేదా బిడ్డని ఊయల పలకకి ఆనించి నుదుటిని బిగించడం. తల ముందు వెనకల చదునై పక్కలకి విస్తరిస్తుంది. రెండోది పట్టీల పద్ధతి: లామా, అల్పాకా అనే అక్కడి జంతువుల ఉన్నితోనో, నూలుతోనో చేసిన పట్టీని నుదుటి మీదుగా, చెవుల పైగా, పెడతల కిందుగా చుట్టడం. తల గొట్టంలా వెనక్కీ పైకీ సాగుతుంది. ఈ రెండు రకాలనీ పుర్రె మీద గుర్తుపట్టడం కష్టం కాదు. పట్టీ పోయిన దారిలో ఎముక మీద లోతు తక్కువ పల్లం చుట్టూరా మిగిలి ఉంటుంది. పలక ఆనిన చోట నుదురు గోడలా చదునుగా ఉంటుంది. వందల ఏళ్ళ కింద కుళ్ళిపోయిన ఉన్ని పట్టీ వెడల్పు ఎంతో ఇవాళ ఆ పల్లం మీద వేలు పెట్టి చెప్పవచ్చు.

పలకల పద్ధతి గురించి మంచి వర్ణన గార్సిలాసో దె లా వేగా రాసినది. ఆయన తల్లి, స్పెయిన్ వాళ్ళు రాకముందు ఆండీస్‌ని ఏలిన 'ఇంకా' అనే రాజవంశం ఆడపడుచు, తండ్రి స్పెయిన్ సైనికాధికారి. 1539లో, ఇంకాల రాజధాని అయిన కుస్కోలో పుట్టాడు. 1609లో అచ్చయిన తన పుస్తకంలో, ఇప్పటి దక్షిణ ఈక్వెడార్ వైపు ఉండే పాల్తా జాతి గురించి చెప్తూ ఇలా వివరించాడు: బిడ్డ పుట్టగానే నుదుటి మీద ఒక చిన్న పలక, పెడతల మీద ఇంకో పలక పెట్టి రెండిటినీ కలిపి కడతారు. రోజురోజుకీ ఇంకాస్త బిగిస్తారు. బిడ్డని ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెడతారు. మూడేళ్ళు నిండేదాకా పలకలు తియ్యరు. ఆ తలలు ఆయన కంటికి చాలా వికారంగా కనిపించాయి. కుస్కో వైపు ఎవరికైనా నుదురు మామూలుకన్నా వెడల్పుగా ఉన్నా, మెడ వెనక చదునుగా ఉన్నా 'పాల్తా ఉమా' అని ఏడిపించేవాళ్ళట. కెచువాలో ఉమా అంటే తల. ఆ పాల్తాల నేల నుంచే ఇంకాలు ఒక పండుని కూడా తెచ్చుకున్నారని గార్సిలాసో అంటాడు. మనం అవకాడో అనే ఆ పండుని పెరూలో ఈనాటికీ పాల్తా అనే పిలుస్తారు. జాతి పేరు పండుకి మిగిలింది, తల పేరు తిట్టుగా మిగిలింది.

ఆ తిట్టులోనే అసలు విషయం ఉంది. ఒక జాతికి గౌరవమైన తల ఇంకో జాతికి నవ్వులాట. అంటే ఇది అందరూ ఒప్పుకున్న అందం కోసం చేసిన పని కాదు. 'మేము' ఎవరో, 'వాళ్ళు' ఎవరో చెప్పడానికి చేసిన పని. అందులోనూ ఈ గుర్తుకి ఇంకే గుర్తుకీ లేని లక్షణం ఒకటుంది. బట్టలు మార్చుకోవచ్చు. కొత్త భాష నేర్చుకోవచ్చు. మన దగ్గర మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించిన చెవి రంధ్రాలు కూడా కమ్మలు పెట్టకపోతే పూడుకుపోతాయి. తల మాత్రం ఒకసారి గట్టిపడితే ఇక అంతే. పెద్దయ్యాక కావాలనుకున్నా తెచ్చుకోలేరు, వద్దనుకున్నా పోగొట్టుకోలేరు. ఇరవయ్యేళ్ళ యువకుడు కొల్యాగ్వాలతో కలిసిపోదామని వాళ్ళ మాట నేర్చుకోగలడు, వాళ్ళ టోపీ పెట్టుకోగలడు. ఆ తల మాత్రం అతనికి రాదు. దాన్ని బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే ఇంకెవరో నిర్ణయించి ఉండాలి.

ఆ నిర్ణయం ఎవరిది అంటే పెద్దలది, జాతిది అని చెప్పవచ్చు. పని మాత్రం బిడ్డని చూసుకునే వాళ్ళది, ఎక్కువగా తల్లులది. కాస్త దగ్గరగా ఊహించుకుంటే ఇది ఎంత శ్రమో తెలుస్తుంది. తల వారం వారం పెరుగుతుంది, కాబట్టి ఒకసారి కట్టి వదిలేస్తే కుదరదు. వదులైతే ఆకారం రాదు, బిగుతైతే చర్మం కమిలిపోతుంది. కట్టు విప్పాలి, కింద ఎర్రబడిందేమో చూడాలి, చెమట తుడవాలి, మెత్త సరిచెయ్యాలి, మళ్ళీ అదే కోణంలో కట్టాలి. బిడ్డ ఏడుస్తుంది. పక్కన పెద్దావిడ ఎవరో ఎంత బిగించాలో చెప్తూ ఉంటుంది. ఇది రెండు మూడేళ్ళపాటు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ కాలం. ఒక శ్మశానంలో వంద తలలు ఒకే తీరులో ఉన్నాయంటే, వంద ఇళ్ళల్లో ఆ నేర్పు ఒకరి నుంచి ఒకరికి తప్పు పోకుండా అందిందన్నమాట. కుండలు చేసిన చేతుల్ని, నేత నేసిన చేతుల్ని పురావస్తు శాస్త్రం ఎప్పటినుంచో గౌరవిస్తోంది. ఈ చేతులకి కూడా అంతే గౌరవం దక్కాలి.

అయితే దీన్ని పూర్తిగా నిరపాయం అనడం నిజం కాదు. ఎక్కువమంది పిల్లలు మామూలుగానే పెరిగి పెద్దయ్యారు. పొడుగు తలలతో ముసలితనం దాకా బతికినవాళ్ళ ఎముకలు కావలసినన్ని ఉన్నాయి. కానీ కొందరి పెడతల ఎముక మీద ఒత్తిడి పుండ్ల గుర్తులు కనిపిస్తాయి. లిమా నగరానికి దగ్గరలోని చిల్యోన్ నదీ లోయలో దొరికిన ఒక పసిబిడ్డ అవశేషాల మీద 2008లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. తలకి కట్టిన కట్టు వల్లే ఆ బిడ్డ చనిపోయిందని దాన్ని రాసిన శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తల్లి కట్టు కట్టింది బిడ్డ మీద ప్రేమతోనే. బిడ్డ తమవాళ్ళల్లో ఒకటిగా పెరగాలని. అలాంటి చోట తప్పొప్పులు తేల్చడం కన్నా, ఆ రెండు నిజాలనీ పక్కపక్కన ఉంచడమే న్యాయం.

పొడుగు తలలనగానే ఎక్కువమందికి గుర్తొచ్చే పేరు పరాకాస్. పెరూ దక్షిణ తీరంలో ఎడారి సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోటు అది. 1925లో హూలియో తెయ్యో అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. 1927లో వారి కయాన్ అనే చోట 429 శవాల మూటలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ నాటివి. మోకాళ్ళు గుండెలకి ఆనించి కూర్చోబెట్టిన శవాన్ని పొరల మీద పొరలుగా నూలు బట్టల్లో, రంగురంగుల కుట్టుపని చేసిన ఉన్ని దుప్పట్లలో చుట్టారు. ఎడారి పొడి గాలికి ఆ రంగులు ఇప్పటికీ వెలిసిపోలేదు. ఆ మూటల్లో ఉన్న మనుషుల్లో చాలామంది తలలు పొడుగ్గా మార్చినవే.

తెయ్యో ఎవరో తెలిస్తే ఈ కథకి ఇంకో బరువు వస్తుంది. ఆయన 1880లో వరోచిరి అనే కొండ ప్రాంతంలో, కెచువా మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. వైద్యం చదివి, తర్వాత అమెరికాలో హార్వర్డ్‌కి వెళ్ళి మానవశాస్త్రం చదువుకుని తిరిగొచ్చాడు. పురాతన పెరూ గొప్పతనం బయటి నుంచి వచ్చింది కాదని, ఈ కొండల్లో, ఈ లోయల్లో ఇక్కడి జనమే నిర్మించుకున్నదని జీవితాంతం వాదించాడు. పరాకాస్ మూటల్ని వెలికి తీసింది అలాంటి మనిషి. అదే పరాకాస్ పుర్రెల్ని పట్టుకుని వీళ్ళు ఇక్కడివాళ్ళు కారు, అసలు మనుషులే కారు అని ఇవాళ వీడియోలు చెయ్యడం ఆయన జీవితకాలపు పనిని తలకిందులు చెయ్యడమే.

ఆ వాదనల్లో తరచూ వినిపించేవి రెండు. ఒకటి, ఈ పుర్రెల్లో మెదడు పట్టే చోటు మామూలుకన్నా చాలా ఎక్కువట. పొడుగ్గా కనిపించేది పెద్దగా ఉన్నట్టు అనిపించడం సహజమే. సన్నటి పొడుగు గ్లాసులో నీళ్ళు ఎక్కువ ఉన్నట్టు కనిపించడం లాంటిదే ఇది. కొలిస్తే తేడా పోతుంది. రెండోది, నడినెత్తిన ఉండాల్సిన అతుకు కొన్నిటికి కనపడదట. వయసు పైబడ్డాక ఆ అతుకు కలిసిపోయి చెరిగిపోవడం మామూలు మనుషుల్లోనూ జరిగేదే. ఏళ్ళ తరబడి ఒత్తిడి పడిన పుర్రెల్లో అతుకుల తీరు మారడం కూడా వింత కాదు. అన్నిటికన్నా తేలికైన సాక్ష్యం శ్మశానాల్లోనే ఉంది. పుట్టుకతోనే పొడుగు తలలున్న జాతి అయితే పొత్తిళ్ళ బిడ్డల నుంచి ముసలివాళ్ళ దాకా అందరివీ అలాగే ఉండాలి. కానీ ఒకే చోట, ఒకే కాలంలో మారిన తలలు, మారని తలలు కలిసి దొరుకుతూనే ఉన్నాయి.

ఈ పొరపాటు యూట్యూబ్‌తో పుట్టింది కాదు, 19వ శతాబ్దపు పెద్ద పెద్ద పండితులే చేశారు. ఫిలడెల్ఫియాలో పుర్రెలు సేకరించిన శామ్యూల్ మోర్టన్ 1839లో, పెరూ, బొలీవియా సరిహద్దులోని తితికాకా సరస్సు వైపు దొరికిన పొడుగు తలలు సహజంగా అలా ఉండే ఒక ప్రాచీన జాతివని రాశాడు. పెరూకి చెందిన రివేరో, స్విట్జర్లాండ్‌కి చెందిన చూడి కలిసి 1851లో తెచ్చిన గ్రంథంలోనూ పొడుగు తలలకి పుట్టుకే కారణమన్న వాదన ఉంది. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఆల్సీడ్ డోర్బిన్యీ మాత్రం స్వయంగా బొలీవియాలో తిరిగి, ఒకే సమాధుల్లో రెండు రకాల తలలూ ఉండటం గమనించి, ఇది మనుషులు చేసిందే అన్నాడు. మోర్టన్ తర్వాత తన అభిప్రాయం మార్చుకున్నాడు. పుర్రెల్ని బట్టి జాతుల్ని ఎక్కువ తక్కువలుగా పేర్చే ఆనాటి చదువులో, తల్లి చేతి పనికి చోటు లేకపోయింది. వాళ్ళకి కావలసింది రక్తంలోనే తేడా. ఇప్పటి గ్రహాంతర కథలు కూడా అదే తేడాని వేరే పేరుతో వెతుకుతున్నాయి.

తితికాకాకి దగ్గర్లోనే తివనాకు ఉంది. ఇప్పటి బొలీవియాలో, 3,800 మీటర్ల ఎత్తున, సుమారు 500 నుంచి 1000వ సంవత్సరం దాకా వెలిగిన నగరం. డెబోరా బ్లోమ్ అనే మానవశాస్త్రవేత్త ఆ నగరంలోనూ, దాని ప్రభావం ఉన్న ఊళ్ళలోనూ దొరికిన పుర్రెల్ని పరిశీలించినప్పుడు తేలిన సంగతి చాలా విలువైనది. పక్కనున్న కతారి లోయలో పట్టీల పద్ధతి. దూరాన పసిఫిక్ వైపు దిగువన, మొక్కజొన్న పండే మొకేగ్వాలో పలకల పద్ధతి. రాజధానిలో మాత్రం రెండు రకాల తలలూ కలిసి ఉన్నాయి. ఎక్కువ తక్కువ హోదాలని బట్టి ఈ తేడా రాలేదు. రకరకాల చోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒకే నగరంలో ఉంటూ, ఒకే దేవుళ్ళని కొలుస్తూ, పిల్లల తలలు మాత్రం తమ తమ ఊళ్ళ పద్ధతిలోనే కట్టుకున్నారన్నమాట. ఆ వీధుల్లో నడిచే ప్రతి ఒక్కరి ఊరూ వాళ్ళ తల మీద కనిపిస్తూనే ఉండేది. అది దాచుకోవలసిన విషయం కాదక్కడ.

తివనాకు పతనమయ్యాక పరిస్థితి మారింది. 1100 నుంచి 1450 దాకా, ఇంకాలు వచ్చేలోపు, ఆండీస్ కొండల్లో కరువులు, గొడవలు, కొండ శిఖరాల మీద కోటగోడలు. మళ్ళీ కొల్కా లోయకి వస్తే, అక్కడి రెండు శ్మశానాల్లో దొరికిన 200కి పైగా పుర్రెల మీద మాథ్యూ వెలాస్కో అనే మానవశాస్త్రవేత్త చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. 1300కి ముందు చనిపోయినవాళ్ళలో 39 శాతం మందికే తల మార్చి ఉంది. 1300 తర్వాత ఆ సంఖ్య 74 శాతానికి చేరింది. అంతేకాదు, మొదట్లో రకరకాలుగా ఉన్న ఆకారాలు రాను రాను పొడుగు తల వైపే మొగ్గాయి. ఉల్యోవా మొగొల్యోన్ 1586లో చూసిన 'కొల్యాగ్వా తల' అనాదిగా ఉన్నది కాదు. కొన్ని తరాల్లో, ఒక కష్టకాలంలో, ఊళ్ళకి ఊళ్ళు ఒక ఆకారం దగ్గరికి చేరడం వల్ల ఏర్పడింది.

ఆ అధ్యయనంలోనే ఇంకో ముక్క ఉంది, తొందరగా దాటిపోకూడనిది. పొడుగు తలలున్న ఆడవాళ్ళ ఎముకల్లోని రసాయన జాడల్ని బట్టి చూస్తే, వాళ్ళు మిగతా ఆడవాళ్ళకన్నా ఎక్కువ రకాల తిండి తిన్నారు. దెబ్బలు తగిలిన గుర్తులు వాళ్ళ తలల మీద తక్కువ. అంటే అప్పటికే ఆ ఆకారం కొంత అండని, కొంత మెరుగైన బతుకుని తెచ్చిపెడుతోంది. పక్కింటి బిడ్డకి ఆ అండ దొరకడం చూసిన తల్లి తన బిడ్డకి కట్టు కట్టకుండా ఎలా ఉంటుంది? 39 శాతం 74 అవడం వెనక ఇలాంటి ఇంటింటి ఆలోచనలే ఉండి ఉంటాయి. ఏ రాజూ ఆజ్ఞ వెయ్యకముందే ఒక జాతి తనను తాను తయారు చేసుకుంటున్న క్షణం ఇది. ఆండీస్ తలల చరిత్రలో ఇంతకన్నా మనసుకి దగ్గరైన సన్నివేశం ఇంకోటి లేదు.

ఇంకాలకి ఈ గుర్తులు బాగా పనికొచ్చాయి. అంత పెద్ద సామ్రాజ్యంలో ఎవరు ఎక్కడివాళ్ళో తెలియాలి కాబట్టి, ప్రతి జాతీ తన సొంత తలపాగా, తన సొంత వేషం మానకూడదని కట్టడి చేశారు. వేరే జాతి వేషం వేసుకుంటే శిక్ష. 17వ శతాబ్దం మొదట్లో రాసిన పాచకూతి యామ్కి అనే స్థానిక రచయిత ఇంకో వింత మాట చెప్తాడు. పిల్లల తలలు కట్టమని తొలి ఇంకా రాజులే ఆజ్ఞాపించారట. గుండ్రటి పెద్ద తలలున్నవాళ్ళు తెగువ ఎక్కువై మాట వినరు కాబట్టి, తల కడితే అణిగిమణిగి ఉంటారని. పుర్రెల వయసు చూస్తే ఆచారం ఇంకాల కన్నా వేల ఏళ్ళు ముందుది, కాబట్టి దీన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ రాజ్యం కంటికి జనం తలలు ఎలా కనపడ్డాయో ఆ మాటలో తెలుస్తుంది. తల్లి దృష్టిలో కట్టు అంటే 'నువ్వు మావాడివి'. రాజు దృష్టిలో అదే కట్టు 'నువ్వు లొంగి ఉండు'.

ఆ తర్వాత వచ్చిన స్పెయిన్ వాళ్ళకి మొత్తం ఆచారమే గిట్టలేదు. 1569 నుంచి 1581 దాకా రాజప్రతినిధిగా పాలించిన ఫ్రాన్సిస్కో దె తొలేదో, అప్పుడే పుట్టిన బిడ్డల తలలు ఎవరూ బిగించకూడదని, దానివల్ల పిల్లలకి హాని జరిగి చనిపోతున్నారని ఆజ్ఞ జారీ చేశాడు. 1585లో లిమా చర్చి పెద్దల సమావేశం ఈ ఆచారాన్ని మూఢనమ్మకంగా తీర్మానించి, చేసినవాళ్ళకి శిక్షలు పెట్టింది. చర్చికి కోపం ఆరోగ్యం గురించి మాత్రమే కాదు. కొండలోంచి పుట్టామని నమ్మే జనం తలని కొండలా మలుచుకోవడం అంటే, ప్రతి బిడ్డ నెత్తి మీదా పాత దేవుడు కూర్చుని ఉన్నట్టే. బాప్తిస్మం ఇచ్చి పేరు మార్చవచ్చు గానీ ఆ తలని ఏం చేస్తారు? కాబట్టి బిడ్డ తల గట్టిపడకముందే తల్లిని ఆపాలి.

ఉల్యోవా మొగొల్యోన్ రాసేనాటికే ఆ నిషేధం అమల్లో ఉంది. ఆ సంగతి కూడా ఆయనే చెప్పాడు. అంటే ఆయన చూసిన పొడుగు తలలవాళ్ళు దాదాపు ఆ కట్టు కట్టించుకున్న ఆఖరి తరాలవాళ్ళు. వాళ్ళ పిల్లలకి వాళ్ళ తల రాలేదు. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర, కొండలాంటి తలతో తాత, మామూలు తలతో మనవడు కూర్చున్న రోజులు కొల్కా లోయలో తప్పకుండా ఉండి ఉంటాయి.

ఇవాళ కొల్కాకి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా కాండోర్ రాబందుల్ని చూడటానికి వెళ్తారు. చివాయ్ ఊళ్ళో బస్సు దిగితే అక్కడి సంతలో బంగాళాదుంపలు, మొక్కజొన్న అమ్ముతూ ఆడవాళ్ళు కనిపిస్తారు. కొల్యాగ్వా వైపు ఆడవాళ్ళవి గట్టిగా నిలబడే తెల్ల గడ్డి టోపీలు, చుట్టూ రిబ్బన్లు. నదికి దిగువన కబానాకొండే ఊరి వైపు వెళ్తే, ఆడవాళ్ళ నెత్తిన రంగుదారాలతో అంగుళం ఖాళీ లేకుండా పువ్వులూ చేపలూ పిట్టలూ కుట్టిన టోపీలు. తలలు కట్టడం ఆపేశాక ఆ తేడా టోపీలోకి వచ్చి చేరిందని లోయలో చెప్పుకుంటారు. టోపీ చూసి, ఎటువైపు మనిషో దూరం నుంచే చెప్పేస్తారు.